అచ్చు మీద గీటు

"మాస్టారు పోయారంట కదమ్మా. ఆ అచ్చు ఒక్కసారి చూసిపోతాను."

గుమ్మం బయట ముసలాయన. చేతిలో గుడ్డసంచి.

"ఏ అచ్చు?" అంది మాస్టారి కూతురు రాగసుధ.

"బావి దగ్గర ఆడమనిషి. ఖాళీ కడవతో."

తెనాలిలో ఆ బొమ్మ తెలియనివాళ్లు లేరు. డ్రాయింగు మాస్టారు వేంకటసుబ్రహ్మణ్యం గారు చెక్క మీద చెక్కి, దానికి సిరా రాసి పన్నెండంటే పన్నెండే కాగితాలు అచ్చు తీసిన బొమ్మ. ఆయన పోయి నెలయింది. ఢిల్లీ గ్యాలరీవాళ్లు ఇంకో వంద కావాలన్నారు. రేపే అచ్చు మొదలు.

"నీ పేరేంటి?"

"లాజరండి. మాది పెనుమూడి."

పేరు విన్నాక రాగసుధ ఆయన్ను అరుగు మీదే ఆపింది. ఇంటినిండా స్టీలు గ్లాసులున్నా ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లిచ్చింది.

ఆ అచ్చు చెక్క తెచ్చి ముందు పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని దాని మీద బొటనవేలు నడిపాడు.

లోపల సెల్ మోగితే ఆమె వెళ్లింది. అంతలో కర్రుమని చప్పుడు.

వచ్చి చూస్తే బొమ్మ మీద ఈ మూల నుంచి ఆ మూలకి, సంచిలోంచి తీసిన ఉలితో లోతుగా ఒకటే గీటు.

కాంట్రాక్టులు చేసే అన్న విజయసారథి పరుగున వచ్చి లాజరు చెంప పగలగొట్టాడు.

"ఎవడ్రా నువ్వు?"

"వెనక్కి తిప్పి చూడండి బాబూ" అన్నాడు లాజరు.

ఎవరూ తిప్పలేదు.

"పున్నయ్యా, వీణ్ణి రేపల్లె బస్సెక్కించి రా" అన్నాడు విజయసారథి డ్రైవరుతో, చాలా మెల్లగా.

ఆ మెల్లదనానికే రాగసుధకు భయం వేసింది. అయినా చెక్క తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే పున్నయ్య తిరిగొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది.

"ఎక్కించావా?"

"ఎక్కించానండి."

మూడో రోజు కొలకలూరు దగ్గర కాలవలో శవం తేలింది.

"ఎవరో లాజరంట, కాలు జారుంటుంది" అన్నాడు అన్న, పేపరు మడుస్తూ.

రాగసుధ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. చెక్కను వెనక్కి తిప్పింది.

నాన్న చేతిరాత.

"నేను పోయాక ఒకడు వచ్చి దీనికి గీటు పెడతాడు. ఆ తర్వాత ఇక అచ్చు తియ్యకూడదు. చెక్కినవాడికే ఆ హక్కు. అడ్డుపడకండి. లోపలికి పిలిచి నా పీట మీద కూర్చోబెట్టి అన్నం పెట్టండి. వాడి పేరుంటే ఎవరూ గోడకి తగిలించరన్నారు కాబట్టి నా పేరు వేసుకున్నాను. చెక్కింది లాజరు, కడవతో నిలబడ్డది వాళ్లమ్మ, పేరొక్కటే నాది."