గాలి తగిలిన పూత

"ఫ్యాను ఎవరాపారు?"

సూపర్‌వైజరు కేకకి ఫ్యాక్టరీలో కడ్డీలు ఆరబెట్టే గదిలో అందరూ తలలెత్తారు.

చీపురు పట్టుకున్న ముసలాయన ముందుకొచ్చాడు. పనిలో చేరి పదిరోజులు కాలేదు.

"నేనే బాబూ."

"చలేస్తే ఎండలో కూచో తాతా. ఇది నీ ఇంటి వసారా కాదు."

"చలి కాదు. పచ్చి పూతకి గాలి కొడితే పైన ఆరుతుంది, లోపల తడి మిగిలిపోతుంది. వేడి తగలగానే నెర్రెలిస్తుంది. నలభై ఏళ్లు గోడలకి పూత పూసినవాణ్ణి."

"గోడలకా!" కొలిమి చూసే ఆవిడ పకపకా నవ్వింది. "ఇవి ఎముకల్లో పెట్టే కడ్డీలు తాతా. ఇంకా నయం, ఊక కలపమన్లేదు!"

కడ్డీని ద్రావణంలో ముంచి తీస్తారు. ఆరబెట్టి కొలిమిలో పెడతారు. ఆ వేడికి పూత తెల్లటి స్ఫటికాల పొరవుతుంది. విరిగిన ఎముక ఆ పొరని పట్టుకుని అతుక్కుంటుంది.

ఏడాదిగా ఆ పొర నిలవడంలేదు. ఆస్పత్రులనుంచి ఉత్తరాలమీద ఉత్తరాలు. శుక్రవారానికి మంచి కడ్డీలు రెండొందలు రాకపోతే ఇక కొనేది లేదన్నారు.

కొనకపోతే గేటుకి తాళమే. పదకొండు కుటుంబాలు.

అందుకే తొందర. ఏడాది కిందట పని తెమలాలని పెట్టిన ఫ్యాను అందుకే ఇప్పుడు రాత్రీపగలూ తిరుగుతోంది.

మర్నాడు పొద్దున మళ్లీ ఫ్యాను ఆగి ఉంది.

"చెబితే వినవా? చెవులున్నాయా, అద్దెకిచ్చావా?"

"ఈ ఒక్క పళ్లెం వదిలెయ్యి బాబూ. దాని మానాన దాన్ని ఆరనీ."

"చీపురు అక్కడ పెట్టి వెళ్లు."

ముసలాయన చీపురుని గోడకి ఆనించాడు. గడప దగ్గర ఆగి, తను గాలి తగలని మూలకి జరిపిన పళ్లెంవైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

శుక్రవారం కొలిమి తలుపు తీశారు.

అన్ని పళ్లేల్లోనూ ఎండిన చెరువు అడుగులా నెర్రెలు.

ఒక్క పళ్లెంలో మాత్రం ముప్పై కడ్డీలు, గోటితో గీకినా పొడి రాలలేదు.

కొలిమి చూసే ఆవిడ ఈసారి నవ్వలేదు. "ముసలాయన పళ్లెం" అంది.

ముప్పై సరిపోవన్నారు. వారం గడువడిగితే ఏడాది ఇచ్చాం కదా అన్నారు.

శనివారం తాళం పడింది.

ఆదివారం సూపర్‌వైజరు ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. పనివ్వడానికి పనిలేదు. ఒక్క మాట చెప్పాలి, అంతే.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. చంకకింద కర్రలతో ఒకామె.

"నాన్నగారున్నారామ్మా?"

"మొన్న పోయాడండి. గుండె. మీరు?"

"ఆయన పనిచేసిన చోట సూపర్‌వైజర్ని. ఆయన మాటే నిజమైందని చెబుదామని..."

"ఏ మాట?"

"గాలివల్లే పూత ఊడుతోందని."

ఆమె కర్రలు పక్కన పెట్టి మంచంమీద కూచుంది. కుడి తొడ కింద బట్ట ఖాళీగా వేలాడింది.

"కనుక్కున్నాడన్నమాట" అంది. "మీ కడ్డీయే వేశారు నాకు. పూత ఊడి, చీముపట్టి, కాలు తీసేశాక, ఎందుకూడిందో చూసొస్తానని నాన్న మీ దగ్గర చీపురు పట్టాడు."