మండీ నుంచి ఒక ప్రశ్న

"టమోటా ఎండబెట్టే కేంద్రాలు ఊరూరా పెడితే, ధర పడిపోయినప్పుడు రైతులు పంటను తెగనమ్ముకోనక్కర్లేదు," అని మెహ్‌నాజ్ ముగించగానే ముందు వరుసలో అలావుద్దీన్ లేచాడు.

ఆయన మదనపల్లె మండీలో టమోటా వ్యాపారి. ఆమె తండ్రి కూడా.

ఆర్థిక విధానాల శిక్షణలో చేరాక ఆమె చేసిన తొలి పరిశోధన అది. దాన్ని జనం ముందు చర్చకు పెట్టే సభల్లో పుంగనూరుది మొదటిది. తండ్రి వస్తాడని ఆమె అనుకోలేదు.

"సరుకంతా ఊర్లోనే ఎండబెడితే మండీకి ఏమొస్తాదమ్మా? మాలాంటోళ్ళు యాడికి పోవాల?"

ఇంట్లో తండ్రిని పిలిచినట్టే "అబ్బా" అనబోయి ఆమె సర్దుకుంది. "ధర పడిన రోజు మండీలో మీకైనా ఏమన్నా మిగులుతాండాదా సార్?"

"యాడ మిగులుతాది!"

"ఎండిన ముక్కలైతే నిలవుంటాయి. వాటిని కొని అమ్మేది మీరే కదా?"

సభంతా నవ్వింది. ఆయనా నవ్వాడు కానీ కూర్చోలేదు. "సరే, వానాకాలంలో ఎట్ల ఎండబెడతారు?"

"యంత్రాలతో సార్. కరెంటు ఖర్చు మాత్రం ఇంకా లెక్క కట్టాల."

సభ ముగిశాక మెహ్‌నాజ్ భయంభయంగా ఆయన దగ్గరికి వెళ్ళింది. "కోపమొచ్చిందా అబ్బా?"

"కోపం యాల? ఇన్నేండ్లూ ఇంట్లో నేను చెప్పిందే మాట. ఈ పొద్దు నాకు జవాబు చెప్పేవాళ్ళు దొరికినారు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"కుప్పంలో సభ ఎప్పుడు?" అన్నాడాయన.

"వచ్చే వారం. యాల?"

"నా వాదన ఇంకా అయిపోలే!"