మూడు గడులు

"మల్ల నా లైటేనా మేడం?"

లాంప్‌రూం కిటికీ అవతల బొగ్గు మొహంతో నిలబడ్డాడు శాంతిరాజ్. సారిక చేతిలోని లైటు నంబరు మరోసారి చూసుకుంది. అతనిదే. వారమంతా ఇదే వరస.

గనిలోంచి వచ్చినవాళ్లు టోపీ లైట్లను పెద్ద రాక్‌లో ఖాళీ గడి ఎక్కడుంటే అక్కడ ఛార్జింగుకు పెట్టి పోతారు. రోజూ మూడు గడుల్లోని లైట్లను విప్పి పరీక్షించాలి. ఆ గడులను ఎంచే ప్రోగ్రాం సారికే రాసింది. కంప్యూటరు వరుసల అంకెలు మూడు, నిలువుల అంకెలు మూడు ఇస్తుంది. వాటిని పొద్దున్నే బోర్డు మీద రాసి, షిఫ్టు దిగాక ఆ లైట్లు తీస్తుంది. పరీక్ష అయ్యేదాకా లైటు మనిషి కిటికీ దగ్గర కాచుకోవాల్సిందే.

మిగతా రెండు లైట్లూ రోజుకొకరివి. మూడోది మాత్రం ఇతనిదే. పాపం, అందరికంటే ముందు ఉరికొచ్చే మనిషి ఆఖరున ఇంటికి పోతున్నాడు.

"కంప్యూటరుకు నా మీద ఏం పగ మేడం?"

"దానికి మీరెవరో తెల్వది. వరుస రెండు, నిలువు ఐదు అన్నది. అంటే మూడో వరుసల ఆరో గడి."

"గదెట్ల?"

"అది సున్నా నుంచి లెక్కపెడ్తది."

"మూడు వరుసలు, మూడు నిలువులంటే తొమ్మిది గడులు రావాలె గద?"

"కాదు. మొదటి అంకెకు మొదటిదే జోడు, రెండోదానికి రెండోది. గట్ల మూడే గడులు."

అతను బుద్ధిగా తలూపాడు. ఇన్నిసార్లు ఆపినా విసుక్కోడు. అతనికి చెబుతుంటే సారికకూ హాయిగానే ఉంటుంది. కానీ సోమవారం పెద్దాఫీసరు వస్తున్నాడు. ప్రోగ్రాం ఒక్కడినే పట్టుకుంటోందని తేలితే తీసి పారేస్తారు. నాన్న పోయాక వచ్చిన ఈ ఉద్యోగంలో తనంతట తాను సాధించింది అదొక్కటే.

సంతకం పెట్టి, "రేపు కలుద్దాం మేడం" అని నవ్వుతూ వెళ్లాడు శాంతిరాజ్.

సారిక ప్రోగ్రామును మళ్లీ మళ్లీ నడిపింది. ఎన్నిసార్లు నడిపినా గడులు రకరకాలుగానే వచ్చాయి.

"తప్పు యాడుందో సమజైతలేదు కాకా" అంది, రాక్ తుడుస్తున్న సదయ్యతో. ఏడుపొక్కటే తక్కువ.

సదయ్య ముసిముసిగా నవ్వాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ లెక్క మంచిగనే ఉంది."

"మరి రోజూ ఆయన లైటే ఎందుకొస్తది?"

"ఏం తెల్వనట్టు అడుగుతడు గని, బోర్డు సూసుకొని ఆ గడిలనే పెడుతున్నడు పిలగాడు."