వాక్యం చివర చుక్క

"ఇంగ్లీషులో ఒక్క తప్పూ లేదయ్యా. మరి ఇంత పొడుగు రాసి ఎక్కడా ఆగలేదేం? వాక్యం చివర చుక్కలేవీ?" అన్నారు కొత్తపేట కాలువ కచేరీలో హెడ్డుగుమాస్తా సూరన్నగారు.

కొలువు కోసం వచ్చిన శేషాచలం పరీక్షగా రాసిచ్చిన కాగితమది. ఈ కొలువు దొరక్కపోతే మళ్లీ తండ్రి పక్కన కూర్చుని తాటాకుల మీద గంటంతో రాసుకోవలసిందే.

"చుక్క పెడితే ఆకు చిల్లు పడుతుందండి. వెనకవైపు పద్యం పాడవుతుందని మా నాన్నగారు వేళ్ల మీద కొట్టేవారండి."

"ఇది కాగితమయ్యా బాబూ! ఆగే చోటు లేకపోతే దొరగారు చదవరు. పెట్టు."

శేషాచలం వాక్యం చివర కలం ఆనించాడు. గంటం నొక్కడం అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. ఆ కాగితంతోబాటు కిందున్న దొరగారి కాగితాలన్నిటికీ చిల్లు పడింది.

సూరన్నగారు వాటిని వెలుతురుకు పట్టి చూశారు. చిల్లులన్నీ ఒక్క తీరున, గుండ్రంగా ఉన్నాయి.

"రేపటినుంచి వచ్చెయ్యి. కాగితాలకి చిల్లులు పొడిచి దారం ఎక్కించేవాడు లేక చస్తున్నాం."

"ఆయ్," అన్నాడు శేషాచలం, కాస్త ఆగి.

ఇంటికెళ్లి ఇంగ్లీషు కచేరీలో కొలువనగానే తండ్రి గంటం కింద పెట్టాడు.

"ఏం పనిరా?"

"చుక్కలు పెట్టడం, నాన్నగారూ."

"నేను కొట్టి మాన్పించిన పనికి దొరలు జీతమిస్తారట్రా?"