తెరకి అవతల

"అరవై నించి డెబ్బై దాకా, ఈ పదేళ్లూ నాగేశ్వర్రావువేరా!" అన్నాడు కొండబాబు, అరుగు మీద కాళ్లూపుతూ.

"కత్తి పడితే తెలుస్తాది ఎవులివో! రామారావు ముందు ఎవుడు నిలబడతాడు?" జగ్గారావు గొంతు బరంపురం వీధంతా వినబడింది.

టీ తెచ్చిన నీలమ్మ మొగుడు జగ్గారావుని వెనకేసుకొచ్చింది. "మరే! ఎడం సేత్తో అలగ కత్తి తిప్పడం ఇంకెవులికొస్తాది?"

కొండబాబుకి టీ పొలమారింది. "ఎడం సెయ్యా వదినా? ఒరే జగ్గా, బాగుందిరా మీ ఇంటి అభిమానం!"

జగ్గారావు మొహం మాడిపోయింది. గెలిచే వాదాన్ని పెళ్లామే ముంచేసింది. "సూడని సినిమా గురించి నీకెందుకే?"

"సూడకేటి మావా! పెళ్లికి ముందు, మా చమఖండిలో సముద్రం ఒడ్డున సూసినాను. ఎడం సెయ్యే!"

"అక్కడ తెర ఎలగ కట్టినారు?" అనడిగాడు కొండబాబు, ఇంకా నవ్వుతూనే.

"ఇసకలో రెండు గెడలు పాతి గుడ్డ కట్టినారు. మొగోళ్లు ముందు కూకున్నారు, ఆడోళ్లం గుడ్డకి ఎనకాల."

కొండబాబు నవ్వు ఆగిపోయింది. తెర వెనక నుంచి చూస్తే కుడి చెయ్యి ఎడమే అవుతుంది.

"మరి పెళ్లయినాక ముందునించి సూడలేదేటే?" జగ్గారావు గొంతు తగ్గింది.

"నువ్వు తీసుకెల్తే గదా!"

ఆ పదేళ్లలో జగ్గారావు చూసిన ప్రతి సినిమాకీ పక్క సీట్లో ఉన్నది కొండబాబే.

"ఒరే, నువ్వింటికెల్లు. ఓలె, సీర మార్సుకో. మొదటాటకి ఎల్దాం."

గుమ్మంలో నీలమ్మ ఆగింది. "అక్కడ ఆడోళ్లు ఎటేపు కూకుంటారు మావా?"

"నా పక్కన."