ఇంకాస్త దించు

కోట ఊరి దగ్గర రొయ్యల గుంటకు నరేంద్రబాబు ఒక్కడే కాపలా. నిరుడు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ ఆగిపోతే, బాగుచేద్దామని అన్న పెంచల్ ఇదే గుంటలోకి దిగినాడు. మళ్లీ పైకి రాలేదు. అన్న రికార్డు చేసిన గిటార్ పాట మాత్రం ల్యాప్‌టాప్‌లో మిగిలింది.

"తీగలు రెండు మెట్లు దించుకోరా నరేంద్రా, అప్పుడే నాతో కలిసేది" అంటాడు పెంచల్ పాట మొదట్లో.

చీకటి పడినాక షెడ్డులో కూర్చుని నరేంద్ర తీగలు దించుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో పాట వేగం సగం చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వాయించబోయినాడు. కలవలేదు. అన్న తీగ ఇంకాస్త కింద పలుకుతోంది. మళ్లీ దించినాడు. పాటలో అన్న తీగ కూడా దిగింది. వేగం తగ్గినా శ్రుతి మారకూడదే! సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి తీగలు వదులైపోయి గరగరమన్నాయి.

"ఇంకెంత దించమంటావన్నా?" విసుగ్గా హెడ్‌ఫోన్స్ తీసేసినాడు.

బయట ఏరియేటర్ హోరు లేదు. ఎప్పుడాగిందో ఏమో, గాలి చాలక రొయ్యలు నీటిపైకొచ్చి ఎగురుతున్నాయి. పంట దక్కాలంటే ఇప్పుడే దిగాలి.

ల్యాప్‌టాప్ మూసేసి టార్చి కోసం వంగినాడు.

గుంట నడుమ, ఆగిన ఏరియేటర్ దగ్గర, తీగ మోగింది. ఇంకాస్త కింద.

టార్చి మీదికి పోవాల్సిన చెయ్యి తీగ దించే గిటార్ కీ మీదికి పోయింది.