మక్కల రోడ్డు

మొక్కజొన్న ఆరింది, మక్కలు బస్తాలకెత్తారు. మబ్బు కమ్ముకొస్తోంది. కొనుక్కుపోవాల్సిన లారీ మాత్రం ఊరి బయటే ఆగిపోయింది. బతిమాలుకోవడానికి అందులో డ్రైవరు లేడు. తమంతట తామే నడిచే ఈ కాలపు బండ్లన్నీ పొద్దున వచ్చిన మ్యాపునే నమ్ముతాయి. ఇవాళ్టి మ్యాపులో ఈ ఊరికి రోడ్డే లేదు, దాని స్థానంలో పొడుగాటి మక్కచేను ఉంది.

ఆ మ్యాపు చేసేది రమాదేవే. తెల్లారగానే మండలంలోని ఊళ్లన్నింటి ఫొటోలూ ఆకాశం నుంచి వచ్చిపడతాయి. కంప్యూటర్‌లో స్క్రిప్టు నడిపించి ఆమె చాయ్ పెట్టుకునేలోపు అన్ని ఊళ్ల మ్యాపులూ తయారవుతాయి. ఇవాళ ఫొటో తీసే వేళకు రోడ్డు నిండా ఆమె అత్త నర్సవ్వ ఆరబోసిన మక్కలున్నాయి.

"రోడ్డు మీద పొయ్యకు అత్తమ్మా అంటే విన్నవా?"

"మా అత్త పోసింది, మీ మామ పోసిండు. గప్పుడు రోడ్డు యాడికన్న పోయిందా? నీ మిషిన్‌కే కండ్లు లెవ్వు!"

రమాదేవి నవ్వాపుకుని స్క్రిప్టులో ఒక్క మాట చేర్చింది: పసుపుపచ్చగా, సన్నగా, పొడుగ్గా ఉంటే అది రోడ్డే. మండలం మొత్తానికీ మళ్లీ నడిపింది. లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చేసింది. చినుకు పడేలోపు చివరి బస్తా ఎక్కింది.

అంతలో పక్క ఊరి నుంచి పూలతోట సాయవ్వ ఫోన్ చేసింది.

"రమా, మా బంతితోట సన్నగ, పొడుగ్గ ఉంటది గదా, దాని కాడికి బస్సొచ్చి నిలబడ్డది. పూలు తొక్కనంటది, ఎనకకు పోనంటది."

"అయ్యో అక్కా, ఇప్పుడే దిద్దుత!"

"ఆగాగు! బస్సు దిగినోళ్లందరు బతుకమ్మకు పూలు కొంటున్నరు. తోట ఖాళీ అయినంక దిద్దు."